ఎర్ర మునియా ఎపిసోడ్ (అని అనుకున్నాం)

రమ: రికార్డ్ అవుతోందా? సరే, గడ్డి చెరువుల దగ్గర ఎర్ర మునియా అనే చిన్న పిట్టని ఎలా గుర్తుపట్టాలో చెప్తామన్నాం కదా, శీనూ నువ్వు మొదలెట్టు.

శీను: సరే అక్కా. మగది వానాకాలంలో ఎర్రెర్రగా, ఒంటి మీద తెల్ల చుక్కలు, మహా అయితే 10 సెంటీమీటర్లు, గడ్డికంకి పట్టుకుని ఊగుతూ గింజలు తింటుంటది. ఇంక గుర్తుపట్టేదేముంది?

రమ: ముక్కుంది.

శీను: వచ్చేసింది ముక్కు!

రమ: నవ్వకు. పిల్లల్ని పెంచే సీజన్ అయిపోయాక మగది కూడా ఎరుపంతా వదిలేసి ఆడదాన్లా మట్టిరంగుకొచ్చేస్తుంది, అప్పుడేం చూస్తావ్? ఎర్ర ముక్కు, తోక మొదట్లో ఎరుపు, రెక్క మీద చుక్కలు. ఆ ముక్కు కూడా ఏడాదిలో కొన్నాళ్లు నల్లబడుతుంది, అందుకే మూడూ కలిపి చూడాలి.

శీను: పిల్లలకి చుక్కలుండవుగా.

రమ: ఉండవు, రెక్క మీద లేత పట్టీలుంటాయి. డౌటొస్తే పక్కనున్న పెద్దవాటిని చూడు, గుంపుగానే తిరుగుతాయి. అయిపోయింది.

శీను: ఇప్పుడు అసలు మ్యాటర్. ఒకాయన ఫోటో పంపాడు, సిటీలో పచ్చ మునియా అంట...

రమ: రంగేశారు దానికి.

శీను: చూడకుండానే?

రమ: చూశా. పచ్చ మునియాకి పక్కల్లో నలుపూ తెలుపూ చారలుంటాయి, పొట్ట పసుపు, అది మౌంట్ ఆబూ లాంటి చోట్ల కనిపించే పిట్ట. దీనికి చారల్లేవు, ముక్కు దగ్గర రంగు కారింది కూడా. ముక్కు చూడమని అందుకేగా చెప్పేది!

శీను: పాపం, కొని వదిలేశాడంట అక్కా, పుణ్యమేగా.

రమ: ఏం పుణ్యం? ఆ డబ్బుతో అమ్మినవాడు రేపు ఇంకో వల వేస్తాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం నేరం, అమ్మడం నేరం.

శీను: మరి బోనులో చావమని వదిలేసి రావాలా? కళ్లెదుట ఉంటే?

రమ: ఫారెస్ట్ వాళ్లకి ఫోన్ చెయ్యాలి.

శీను: వాళ్లొచ్చేలోపు...

రమ: తెలుసురా. (కాసేపు మాటల్లేవు) తెలుసు. నాకూ కాళ్లు ఆగవు అక్కడ. కానీ కొనకు.

శీను: ఆ పచ్చరంగు పోతుందా మరి?

రమ: ఈకలు రాలి కొత్తవి రావాలి, అప్పటిదాకా అలాగే. గుంపులో కలుస్తుందో లేదో.

శీను: గూడు గురించి అడుగుదామనుకున్నా...

రమ: గడ్డితో గుండ్రంగా అల్లుతుంది. ఆయనకి రిప్లై ఎవరు పెడతారు, నువ్వా నేనా?

శీను: నువ్వే పెట్టు, కానీ తిట్టకు.

రమ: తిట్టను. ఆ ఫోటో ఇంకోసారి పంపు, జూమ్ చేసి—