పేట బాగుపడితే లాభం ఎవరికి?

అందరికీ నమస్కారం.

పాత పేటను పడగొట్టి కొత్తగా కడితే అక్కడి స్థలం ధర పెరుగుతుంది, మున్సిపాలిటీకి ఆస్తిపన్నూ పెరుగుతుంది. ఇందులో ఎవరికీ అనుమానం లేదు. పేచీ అంతా ఆ పెరిగిన ధర ఎవరి చేతికి వస్తుందన్న దగ్గరే. సొంత ఇల్లు ఉన్నవాడికి పెరిగిన ధర ఆస్తి. అద్దెకున్నవాడికి అదే ధర వచ్చే నెల అద్దె రూపంలో ఎదురవుతుంది.

అమెరికా 1949లో హౌసింగ్ చట్టం తెచ్చింది. నగర సంస్థ మురికివాడ స్థలాన్ని కొని, ఇళ్లు కూల్చి, చదును చేసి, తనకు పడిన ఖర్చుకన్నా తక్కువకే బిల్డర్‌కు అమ్మే వీలుండేది. ఆ నష్టంలో మూడింట రెండు వంతులు కేంద్రం భరించేది. నష్టానికి అమ్మితే పైనుంచి డబ్బు వస్తుందంటే ఏ మేయరు మాత్రం ఊరుకుంటాడు?

బోస్టన్‌లో వెస్ట్ ఎండ్ అనే పేట ఉండేది. అద్దెలు తక్కువ. ఇటలీ మూలాలున్న కుటుంబాలు ఎక్కువ. 1958లో ఆ చట్టం కిందే కూల్చివేత మొదలుపెట్టి రెండేళ్లలో పేటను దాదాపు నేలమట్టం చేశారు. సుమారు 2,700 కుటుంబాలు చెదిరిపోయాయి. ఆ చోట లేచినవి ఖరీదైన అపార్ట్‌మెంట్లు. పాతవాళ్లకు వాటి అద్దె అందే మాట కాదు.

ఇళ్ల సంగతి కొంతైనా చర్చకు వస్తుంది, చిన్న వ్యాపారాల సంగతి అదీ లేదు. ఇరవై ఏళ్లుగా ఒకే వీధిలో మిషన్ పెట్టుకున్న దర్జీని తీసుకోండి. పరిహారం గోడలకు, స్థలానికి కడతారు. అవి ఆయనవి కావు. ఆయన అసలు ఆస్తి, పనికి వెళ్తూ వెళ్తూ ప్యాంటు పొడవు తగ్గించమని ఇచ్చిపోయే మనుషులు. వాళ్లంతా తలో దిక్కూ పోయాక అదే మిషన్‌ను మెయిన్ రోడ్డు మీద పెట్టినా బేరాలు రావు. ఈ నష్టం రాసుకోవడానికి ఏ ఫారంలోనూ గడి ఉండదు.

ఇంతా చేస్తే అనుకున్న అభివృద్ధి వస్తుందన్న గ్యారంటీ కూడా లేదు. కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ లండన్‌లో ఉద్యోగాలు, పన్నులు వస్తాయంటూ జనం ఇళ్లను బలవంతంగా తీసుకున్నారు. కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2005లో 5-4 తేడాతో నగరమే గెలిచింది. ఇల్లు వదలనని పోరాడిన సుజెట్ కెలో అనే ఆవిడ గులాబీ రంగు ఇంటిని విడదీసి వేరేచోట నిలబెట్టారు. ఆ పథకానికి ఊతమైన మందుల కంపెనీ ఫైజర్, 2009లో ఆ ఊరి నుంచి వెళ్లిపోతున్నట్టు ప్రకటించింది. ఖాళీ చేయించిన స్థలంలో ఏళ్ల తరబడి గడ్డి తప్ప ఏమీ మొలవలేదు.

అలాగని కారే కప్పులు, పొంగే మురుగు అలాగే ఉండాలని నేననను. పాత పేటను చూసి మురిసిపోయేవాళ్లు అక్కడ ఒక వానాకాలం గడిపితే తెలుస్తుంది. ఉన్నవాళ్లను ఉంచి, ఒక్కో బ్లాకు కట్టుకుంటూ పోవచ్చు. ఆలస్యమవుతుంది, బిల్డర్లకు నచ్చదు.

ఏ ప్రాజెక్టు కాగితం చేతికొచ్చినా నేను బొమ్మల జోలికి పోను. ముందు అద్దెదారుల జాబితా ఉందా, తిరిగి వచ్చేవాళ్లు కట్టాల్సిన అద్దె ఎంతో రాశారా అని చూస్తాను. మీ ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.