బడి స్థలంలో మనకు అద్దె ఇళ్ళు కావాలి

వేదిక మీదున్న కార్పొరేటర్ గారికి, సీనియర్ సిటిజన్ల సంఘం పెద్దలకి, ఇంత ఎండలోనూ వచ్చిన అక్కలకి, అన్నలకి నమస్కారం. శాలువాలు తర్వాత కప్పుకుందాం. అక్టోబర్ 1ని వృద్ధుల దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 1990లో నిర్ణయించింది. ఆ సంగతి నా తర్వాత మాట్లాడేవాళ్ళు చెబుతారు. నేను మూతపడిన మన మున్సిపల్ స్కూలు గురించే మాట్లాడతాను.

పిల్లలు ప్రైవేటు బళ్ళ వ్యాన్లెక్కారు. మిగిలిన కొద్దిమందినీ వేరే స్కూల్లో కలిపేశారు. గేటుకి తాళం పడింది. అక్కడ పాఠాలు చెప్పినదాన్ని, నాకు బాధ ఉండదా? ఇప్పుడు షాపింగ్ కాంప్లెక్సు కడదామని కొందరంటున్నారు. బిల్డరుకిచ్చి రిటైర్‌మెంట్ ఫ్లాట్లు కట్టిద్దామని ఇంకొందరు. లక్షల్లో డిపాజిట్ కట్టగలిగినవాళ్ళకి ఇల్లు ఎక్కడైనా దొరుకుతుంది. నేను అడిగేది ఒక్కటే. స్థలం కార్పొరేషన్ చేతిలోనే ఉండాలి, గదులు బాగుచేసి అరవై దాటినవాళ్ళకి అద్దెకివ్వాలి.

మా స్కూల్లో హిందీ చెప్పిన అయ్యవారు మీలో చాలామందికి గుర్తుండే ఉంటారు. భార్య పోయాక ఒంటరిగా ఉండేవారు. కొడుకు ఉద్యోగం పుణెలో. ఎక్కడ ఇల్లడిగినా ఒకటే ప్రశ్న: "మీకు తోడెవరూ లేరా సార్?" యాత్రికుల వల్ల తిరుపతిలో అద్దెలు ఎలా ఉంటాయో మీకు చెప్పాలా? అద్దె కట్టగలిగినా ముసలివాళ్ళకి ఇల్లివ్వరు. చివరికి ఒక మేడ మీద గది దొరికింది. ఒకరోజు ఆస్పత్రిలో ఆయన పోయారు. అంబులెన్సు వీధి మొదట్లోకి వచ్చేసరికి ఇంటి ఓనరు ఎదురొచ్చి చేతులు జోడించాడు. "సామీ, మీ కాళ్ళు పట్టుకుంటా, ఈడికి తేవద్దు. ఈపొద్దు నక్షత్రం బాగలేదు." ధనిష్ఠలో పోతే ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలంటారు కదా. ఆ మనిషికి ఆ ఇంటి అద్దెలే ఆధారం, అతన్ని నేను తిట్టను. కానీ ముప్పై ఏళ్ళకు పైగా మన పిల్లలకి చదువు చెప్పిన మనిషి శవం వీధిలో ఆగిపోయింది! మన వీధిలో! స్కూలు వాచ్‌మన్ తాళం తీశాడు. ఎనిమిదో తరగతి ముందున్న వరండాలో పడుకోబెట్టాం. కొడుకు వచ్చేదాకా ఆ రాత్రంతా ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు వస్తూనే ఉన్నారు.

ఇక్కడ అద్దె ఇళ్ళలో ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూడండి కార్పొరేటర్ గారూ, వెనక వరుసల దాకా చూడండి. ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళు కూడా ఈ హాల్లోనే ఉన్నారు. అమ్మా, మీరూ ఆలోచించండి.

తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ, సంక్షేమం కోసం వచ్చిన 2007 చట్టం 19వ సెక్షన్ జిల్లాకి ఒక వృద్ధాశ్రమమైనా ఉండాలని, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకి చోటుండాలని అంటుంది. అది కావలసిందే. కానీ అయ్యవారు నిరుపేద కాదు. ఆయనకి పెన్షన్ వచ్చేది. ఆయనకి కావలసింది ఆశ్రమం కాదు, ఎవరూ వెళ్ళగొట్టలేని ఇల్లు. నెలకి 4,000 రూపాయల పెన్షన్ మీద బతికే ఆయమ్మలకి అద్దె తగ్గించాలి. అది వేరే లెక్క, అదీ అర్జీలో రాశాం.

ఆ బడి మనకు బాగా సరిపోతుంది. మెట్లెక్కే పని లేదు, అన్ని గదుల్నీ కలుపుతూ వరండా ఉంది. మధ్యాహ్న భోజనం వండిన షెడ్డు వంటిల్లవుతుంది. ర్యాంపు మాత్రం ఒక అడుగు ఎత్తుకి 12 అడుగుల వాలుతో కట్టాలి. నిట్టనిలువుగా కడితే చక్రాల కుర్చీ వెనక్కి జారుతుంది. బాత్రూం తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల మనిషి పడిపోతే తలుపుకి అడ్డం పడతారు, లోపలికి నెట్టడం కుదరదు. కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉండాలి. ఇవేవీ పెద్ద ఖర్చులు కావు.

ఒక్క షరతు రాతపూర్వకంగా కావాలి: అక్కడ ఉన్నవాళ్ళు ఏ రోజు, ఏ నక్షత్రంలో పోయినా వరండాలోకి తీసుకురావచ్చు, అక్కడి నుంచే సాగనంపవచ్చు. ఇది లేకుండా ఎన్ని హంగులు చేసినా నేను ఒప్పుకోను.

అర్జీ తలుపు దగ్గర టేబుల్ మీద ఉంది. వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టర్ గారికిస్తాం. సంతకం పక్కన సొంతిల్లా, అద్దె ఇల్లా అన్నది కూడా రాయండి. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఉదయం తొమ్మిదిన్నరకే నాతో రండి.