గిన్నెలు తోమేదెవరు?

శ్రోతలందరికీ నమస్కారం.

ఊళ్ళో పెద్ద భోజనాలు అయిన మర్నాడు పొద్దున ఆ ఇంటి వెనకాలకి వెళ్ళి ఎప్పుడైనా చూశారా? పెళ్ళి కావచ్చు, దినాలు కావచ్చు, గృహప్రవేశం కావచ్చు, ఏదైనా సరే అక్కడ ఒక గుట్ట ఉంటుంది. వెండి రంగు పూత వేసిన బఫే ప్లేట్లు, పేపర్ గ్లాసులు, నీళ్ళ ప్యాకెట్లు, వాటికి అంటుకుని అన్నం, సాంబారు, బొక్కలు. బర్రె ఒకటి వచ్చి అన్నం కోసం మూతి పెడుతుంది, అన్నంతో పాటు ప్లాస్టిక్ ముక్క కూడా లోపలికి పోతుంది. మధ్యాహ్నానికి ఎవరో అగ్గిపుల్ల గీసి అంటిస్తారు. నల్లటి పొగ లేస్తుంది, సాయంత్రానికి బూడిద, మనం దాని సంగతి మర్చిపోతాం.

ఇవాళ నేను మాట్లాడేది చెత్త తగ్గించే పనులకి ఇచ్చే చిన్న చిన్న గ్రాంట్ల గురించి. నా దగ్గర పావుగంట కూడా లేదు, అందుకని పథకాలన్నీ వరసగా చదవను, ఒక్క ఊరి సంగతి చెప్తాను, 50 వేల రూపాయల సంగతి. లక్షలు కాదు, కోట్లు కాదు, 50 వేలు.

ఆ ఊరు మా చిన్నమ్మ వాళ్ళది, కరీంనగర్ వైపు. పక్కనున్న సిద్దిపేట జిల్లాలో ఊళ్ళల్లో స్టీల్ బ్యాంకులు పెట్టారన్న సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, అప్పటి మంత్రి హరీశ్ రావు గారు దాన్ని దగ్గరుండి నడిపించారు. స్టీల్ బ్యాంక్ అంటే పెద్ద విషయం ఏం లేదు, ఊరి మహిళా సంఘం దగ్గర స్టీలు పళ్ళాలు, గ్లాసులు, బకెట్లు, గరిటెలు ఉంటాయి, ఊళ్ళో ఎవరింట్లో ఫంక్షన్ అయినా తీసుకెళ్ళి వాడుకుని తిరిగి ఇచ్చేస్తారు. మా చిన్నమ్మ వాళ్ళు ఒకరోజు ఆటో మాట్లాడుకుని వెళ్ళి చూసొచ్చారు, చూసొచ్చి ఇక ఊరుకోలేదు.

డబ్బెక్కడిది అంటే, ఆ ఊరి హైస్కూల్లో కలిసి చదువుకున్న టెన్త్ బ్యాచ్ పిల్లలు, ఇప్పుడు కొందరు హైదరాబాద్‌లో, కొందరు దుబాయ్‌లో ఉన్నారు, వాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే 40 వేలు పోగయ్యాయి. మిగతా 10 వేలు గ్రామైక్య సంఘం, అంటే ఊళ్ళోని మహిళా సంఘాలన్నీ కలిసిన సంఘం, సొంత పొదుపులోంచి పెట్టింది. ఈ 10 వేలు చాలా ముఖ్యం, ఎవరో ఇచ్చిన డబ్బుతో కొన్న గ్లాసు పోతే పోయిందనుకుంటాం, మన పొదుపు డబ్బు కూడా కలిసిన గ్లాసు పోతే ఇల్లిల్లూ తిరిగి వెతుకుతాం.

250 పళ్ళాలు, 250 గ్లాసులు కొన్నారు. పళ్ళెం 110, గ్లాసు 36, హోల్‌సేల్ షాపులో బేరమాడి మరీ. వడ్డించే బకెట్లు, గరిటెలు, అన్నం బేసిన్లు, నీళ్ళ జగ్గులు కలిపి తొమ్మిదిన్నర వేలు. ఆ తర్వాత షాపులోనే కూర్చుని ప్రతి దాని మీదా పేరు కొట్టించారు. మన ఇళ్ళల్లో పెళ్ళి సామాను మీద కొట్టిస్తారు చూడండి, ఆ చిన్న మిషను జుయ్యిమంటూ తిరుగుతుంటే స్టీలు మీద సన్నటి చుక్కల్లో అక్షరాలు వస్తాయి. ఊరి పేరు, కింద నంబరు, 1 నుంచి 250 దాకా. ఒక్కోదానికి 2 రూపాయలు, అంటే వెయ్యి రూపాయలు అక్షరాలకే పోయాయి. ఎందుకు చిన్నమ్మా అంత ఖర్చు అని అడిగాను. "పేరు లేకుంటే ఏ ఇంట్ల గ్లాసు ఏదో ఎట్ల తెలుస్తది బిడ్డా" అంది. నిజమే కదా, స్టీలు గ్లాసులన్నీ ఒక్కలాగే ఉంటాయి.

25 చొప్పున లెక్కపెట్టి గోనె సంచుల్లో కట్టి పంచాయతీ ఆఫీసు వెనక గదిలో పెట్టారు, తాళం చెవి సంఘం అధ్యక్షురాలి దగ్గర. అంతా బాగుంది, ఫోటోలు కూడా దిగారు.

మొదటి ఫంక్షన్ ఒక పెళ్ళి. ఉచితంగా ఇచ్చారు, మొదటిది కదా అని. భోజనాలు అద్భుతంగా జరిగాయి, పెద్దవాళ్ళు చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ స్టీలు పళ్ళెంలో తింటున్నామని సంబరపడ్డారు. సాయంత్రం అయిదయింది, అందరూ వెళ్ళిపోయారు. పెరట్లో 250 ఎంగిలి పళ్ళాలు, 250 గ్లాసులు, బకెట్లు, బేసిన్లు. తోమేదెవరు?

పెళ్ళికొడుకు తల్లి, ఇద్దరు మేనత్తలు, పెద్ద కోడలు. మూడు రోజులుగా నిద్రలేని ఆడవాళ్ళు. రాత్రి పన్నెండింటి దాకా తోముతూనే ఉన్నారట. మర్నాడు సామాను తిరిగి ఇస్తూ ఆ తల్లి మా చిన్నమ్మతో ఏమీ అనలేదు, చేతులు చూపించింది అంతే. బూడిద, డిటర్జెంట్ కలిపి తోమితే అరచేతులు ఎలా అవుతాయో మీకు చెప్పక్కర్లేదు.

తర్వాత రెండు నెలలు ఆ గోనె సంచులు ఎవరూ విప్పలేదు. ఊళ్ళో ఫంక్షన్లు జరుగుతూనే ఉన్నాయి, ప్లేట్ల కట్టలు మళ్ళీ టౌను నుంచి వస్తూనే ఉన్నాయి. సంఘం మీటింగులో అడిగితే అందరిదీ ఒకటే మాట, "మంచిదే గానీ, ఎవ్వలు తోముతరు?"

ఈ ప్రశ్న దగ్గర నేను కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది ఒక్క ఆ ఊరి ప్రశ్న కాదు. యూజ్ అండ్ త్రో ప్లేటు మన ఊళ్ళల్లోకి ఎందుకొచ్చింది? జనానికి బుద్ధి లేక కాదు. అది ఆడవాళ్ళకి తోముడు తప్పించింది, అందుకొచ్చింది. ఆ సంగతి ఒప్పుకోకుండా ప్లాస్టిక్ మానేయండి, స్టీలు వాడండి అని మైకులో చెప్తే, మళ్ళీ ఆ ఎంగిలి గిన్నెల ముందు ఆడవాళ్ళనే కూర్చోబెట్టినట్టు, అదీ ఉచితంగా. నాకది న్యాయంగా అనిపించదు.

మా చిన్నమ్మ వాళ్ళకి కూడా అనిపించలేదు. మూడో నెల మీటింగులో లెక్క వేశారు. బఫే ప్లేటు, గ్లాసు కలిపి టౌనులో ఐదారు రూపాయలు పడుతోంది. మనం సెట్టుకి 4 రూపాయలు కిరాయి పెడదాం, 250 సెట్లకి వెయ్యి రూపాయలు వస్తాయి. అందులో ఇద్దరు మనుషులకి తోమినందుకు 400 చొప్పున 800 ఇద్దాం, 200 సంఘంలో జమ. ఫంక్షన్ ఇంటివాళ్ళు తోమక్కర్లేదు, ఎంగిలి సామాను అలాగే వదిలేస్తే చాలు. గ్లాసు పోతే 40, పళ్ళెం పోతే 120 కట్టాలి. రాసుకున్నారు, చదివి వినిపించారు, సంతకాలు పెట్టారు.

అంతే, ఆ ఒక్క మార్పుతో సంచులు మళ్ళీ తెరుచుకున్నాయి.

పోయిన వేసవిలో నేను వెళ్ళినప్పుడు ఒక దినాల భోజనం దగ్గర ఆ తోముడు చూశాను. మూడు టబ్బులు వరసగా పెడతారు. మొదటిదాంట్లో మిగిలిన అన్నం, చారు దులిపేస్తారు, అందులో సబ్బు పడనివ్వరు, అది కుడితి, ఎవరింటి బర్రెలు దగ్గరుంటే వాళ్ళు బకెట్లతో పట్టుకుపోతారు. రెండోది సబ్బు నీళ్ళు. మూడోది మంచినీళ్ళు. ఒకామె తోముతుంటే ఇంకొకామె జాడించి నులక మంచం మీద బోర్లిస్తుంది, ఎండకి పది నిమిషాల్లో ఆరిపోతాయి. మొదటి బంతి లేచేసరికి రెండో బంతికి పళ్ళాలు రెడీ, అందుకే 400 మంది వచ్చినా 250 పళ్ళాలు సరిపోయాయి. మర్నాడు పొద్దున ఆ ఇంటి వెనకాలకి వెళ్ళి చూశాను. విస్తరాకులు కొన్ని, కొబ్బరి చిప్పలు, అరటి తొక్కలు. గుట్ట లేదు. బర్రె అక్కడే ఉంది, కుడితి తాగుతోంది.

ఇప్పుడు చెత్త సంగతి కొంచెం. ఎంగిలి అంటిన బఫే ప్లేటుని పాత సామాన్లు కొనేవాళ్ళు తీసుకోరు, దాన్ని కడిగి ఆరబెట్టే ఓపికే ఉంటే స్టీలు పళ్ళెమే కడగొచ్చు కదా. పేపర్ గ్లాసు పేరుకే పేపర్, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, లేకపోతే టీ కారిపోతుంది, ఆ పొర వల్ల అది ఎరువు గుంతలోనూ సరిగా మురగదు. 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు దేశమంతా నిషేధం. 2016 లో వచ్చిన ఘన వ్యర్థాల నియమాల్లో, లైసెన్సు లేని చోట 100 మందికి మించి జనాన్ని పిలిచి ఫంక్షన్ చేస్తే మూడు పని దినాల ముందు పంచాయతీకో మున్సిపాలిటీకో చెప్పాలని, చెత్త వేరుచేసి ఇచ్చే బాధ్యత పిలిచినవాళ్ళదేనని రాశారు. రూల్స్ ఉన్నాయి, కానీ రూలు వచ్చి గిన్నెలు తోమదు.

డబ్బు ఎక్కడుంటుంది అంటే, దూరం పోనక్కర్లేదు. 2020 లో స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మొదలైనప్పుడు, 5,000 లోపు జనాభా ఉన్న ఊరికి చెత్త పనులకి తలకి 60 రూపాయల వరకు అని లెక్క పెట్టారు. 2,000 మంది ఉన్న ఊరికి లక్షా 20 వేలు, అందులో 30 శాతం, అంటే 36 వేలు, పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల్లోంచి, అంటే ఆ సంఘం లెక్క ప్రకారం కేంద్రం పంచాయతీలకి ఇచ్చే డబ్బులోంచి, కలపాలన్నారు. ప్లాస్టిక్ చెత్తని శుభ్రం చేసి ముక్కలు చేసే యూనిట్‌కైతే బ్లాకుకి, అంటే మన దగ్గర మండలానికి, 16 లక్షల వరకు అన్నారు. 15వ ఆర్థిక సంఘం లెక్కన 2021 నుంచి 2026 దాకా పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం దేనికి వాడాలో ముందే నిర్ణయించేశారు, అందులో సగం పారిశుద్ధ్యానికి. మీ ఊరికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనేది ఈ-గ్రామ్ స్వరాజ్ (eGramSwaraj) అనే ప్రభుత్వ వెబ్‌సైట్లో ఎవరైనా చూసుకోవచ్చు, మీ పిల్లలకి ఫోనిచ్చి చూపించమనండి. పంచాయతీ ప్లాన్‌లోకి ఎక్కాలంటే గ్రామసభలో అడగాలి, పంచాయతీ కార్యదర్శి దగ్గర కూర్చుని ఏ పద్దు కిందకి ఏది వస్తుందో ముందే రాయించుకోవాలి.

ఈ డబ్బులతో చాలా ఊళ్ళల్లో ఎరువు షెడ్లు కట్టారు. కొన్ని బాగా నడుస్తున్నాయి. ఇంకొన్ని చూశాను, ఒక ఊళ్ళో అయితే వర్మీ కంపోస్టు తొట్లలో పిచ్చి తుమ్మ మొలిచింది, బోర్డు మీద అక్షరాలు మాత్రం కొత్తగానే ఉన్నాయి. అక్కడి సఫాయి కార్మికుడిని అడిగితే, సార్లు షెడ్డు ఇచ్చిండ్రు గానీ వానపాములు చూసుకునే మనిషికి కూలీ రాయలేదు, నేను ట్రాక్టర్ మీద పోవాలె, మోరీలు తీయాలె, ఎప్పుడు చూడను అన్నాడు. అతని మాటలో నాకు మళ్ళీ అదే వినపడింది, తోమేదెవరు?

అందుకే ఈ కాస్త సమయంలో నేను చెప్పాలనుకున్న పని ఒక్కటే. మీ సంఘమో, యూత్ క్లబ్బో, కాలనీ వాళ్ళో, చెత్త తగ్గించే పనికి ఎవరినైనా డబ్బు అడుగుతూ కాగితం రాస్తున్నారనుకోండి, పంచాయతీకి గానీ, కంపెనీకి గానీ, దుబాయ్‌లో ఉన్న పిల్లలకి గానీ, సామాను లిస్టుతో మొదలుపెట్టకండి. మొదటి లైన్లో మనిషిని రాయండి. రోజూ ఆ పని చేసే చెయ్యి ఎవరిది, ఆ చేతికి కూలీ ఎంత, మొదటి ఆరు నెలలు అది ఎక్కడి నుంచి వస్తుంది, ఆ తర్వాత దేంట్లోంచి వస్తుంది. దాని కిందే పళ్ళాలు, గ్లాసులు, షెడ్డు, తొట్టి, ఏదైనా. 50 వేలు అడుగుతుంటే అందులో 10 వేలు కూలీకని తీసి పక్కన పెట్టండి, పళ్ళాలు 250 బదులు 170 వచ్చినా పర్వాలేదు. మా చిన్నమ్మ వాళ్ళకి ఇది ముందే తెలిసుంటే ఆ రెండు నెలలు సంచులు మూలన పడి ఉండేవి కావు, ఆ పెళ్ళికొడుకు తల్లి అర్ధరాత్రి దాకా తోమేది కాదు.

డబ్బులిచ్చేవాళ్ళు కూడా ఇది వింటుంటే, మీకో మాట. అప్లికేషన్‌లో కూలీ కనపడగానే గీత కొట్టేయకండి. స్టీలు సామాను ఫోటోలో బాగా కనిపిస్తుంది, కూలీ కనిపించదు. కానీ ఆ సామాను వాడుకలో ఉండేది కూలీ వల్లే.

మొన్న చిన్నమ్మకి ఫోన్ చేశాను, ఈ ప్రసంగం రాయాలి, ఏమైనా కొత్త సంగతులుంటే చెప్పు అని. ఇప్పటిదాకా 11 గ్లాసులు పోయాయట, తొమ్మిదింటికి డబ్బులొచ్చాయి, రెండు ఎవరింట్లో ఉన్నాయో తెలుసు గానీ ఆ ముసలావిడని అడగబుద్ధి కాలేదంది. జమ అయిన డబ్బుతో ఇంకో 50 పళ్ళాలు కొన్నారు. తోమే ఇద్దరిలో ఒకామె 400 చాలదని 500 అడిగింది, ఇచ్చారు. కిరాయి 5 రూపాయలయింది, ఎవరూ ఏమనలేదు. పక్క ఊరివాళ్ళు వచ్చి మీ సామాను మా బిడ్డ పెళ్ళికి ఇస్తారా అని అడిగితే ఇచ్చారట, ఆ పళ్ళాల్లో తిని వెళ్ళాక ఆ ఊరి సంఘం వాళ్ళు వచ్చి మాకూ కావాలన్నారు.

పేరు కొట్టే మిషను షాపు అడ్రస్ ఇచ్చి పంపిందట చిన్నమ్మ. పంపేముందు ఒకటి అడిగింది, మీ ఊళ్ళో ఎవ్వలు తోముతరో అనుకున్నరా అని. అనుకోలేదన్నారట. "ముందు అది తెల్సుకోని రాండ్రి, గ్లాసులు ఎప్పుడన్న కొనచ్చు" అంది.

నమస్కారం.