స్కూల్ బస్సు లేటైతే స్టాపులో నిలబడ్డ నాయనమ్మకి ఎవరు చెప్తారు?

అందరికీ నమస్కారమండీ. ఏటా మే 15తో స్కూల్ బస్సుల ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల గడువు అయిపోతుంది, జూన్ 12 ప్రాంతంలో స్కూళ్ళు తెరుస్తారు, కాబట్టి ఆ మధ్యలో బస్సులన్నీ ఆర్టీఏ ఆఫీసుల ముందే ఉంటాయి. బ్రేకులు చూస్తారు, టైర్లు చూస్తారు, మంచిదే. కానీ ఆ బస్సు 20 నిమిషాలు లేటైతే ఆ కబురు స్టాపులో ఉన్న మనిషికి ఎలా చేరుతుందో ఎవరూ చూడరు, నేను ఇవాళ దాని గురించే మాట్లాడతా.

ముందు జీపీఎస్ సంగతి. బస్సులో పెట్టిన డబ్బాలో సిమ్ ఉంటుంది, లొకేషన్‌ని అది మొబైల్ నెట్‌వర్క్ మీద సర్వర్‌కి పంపుతుంది, సిగ్నల్ లేని చోట దాచుకుని తర్వాత పంపుతుంది. అందుకే యాప్‌లో బస్సు బొమ్మ ఒకే చోట ఆగిపోయి, ఒక్కసారిగా రెండు కిలోమీటర్లు ముందుకి దూకుతుంది, ఈలోపు తల్లి ప్రాణం గిలగిలలాడిపోతుంది. లొకేషన్ ఎన్నింటికి అందిందో ఆ టైము బొమ్మ పక్కనే కనపడాలి. యాప్ అమ్మేవాళ్ళని గట్టిగా అడగండి, ఇదేం పెద్ద పని కాదు.

ఇక వాట్సాప్ గ్రూపు. గుడ్ మార్నింగ్‌లు, బర్త్‌డే విషెస్ మధ్యలో పంచర్ కబురు ఎవరికి కనపడుతుంది చెప్పండి? అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చండి. "కొద్దిగా ఆలస్యం, సహకరించగలరు" అని పెడతారు చూడండి, అది చదివితే కంగారు ఇంకా పెరుగుతుంది. "రూట్ 4 బస్సు పటాన్‌చెరు దగ్గర పంచర్ అయింది, పిల్లలందరూ లోపలే కూర్చున్నారు, వేరే బస్సు బయల్దేరింది, 5 గంటలకల్లా స్టాపుకి వస్తారు" అని రాయండి, అప్పుడు ఎవరూ స్కూలుకి ఫోన్ చేయరు. డ్రైవర్‌కి మాత్రం దయచేసి ఎవరూ చేయొద్దు, స్టీరింగ్ పట్టుకున్న మనిషి ఫోన్ ఎత్తకూడదు, బస్సులో ఆయమ్మ ఉంటుంది కదా, ఆమె నంబరే అందరికీ ఇవ్వండి.

అసలు విషయం ఏంటంటే యాప్ ఉండేది నాన్న ఫోన్లో, ఆయనేమో డ్యూటీలో ఉంటాడు, స్టాపుకొచ్చేది నాయనమ్మో తాతయ్యో, చేతిలో బటన్ ఫోన్. అడ్మిషన్ ఫారంలో తల్లిదండ్రుల నంబర్లు తీసుకుంటారు గానీ స్టాపుకొచ్చే మనిషి నంబర్ ఎవరూ అడగరు. అది తీసుకోండి. వాళ్ళకి తెలుగులో వాయిస్ కాల్ వెళ్ళాలి, అది కూడా ఆయమ్మ గొంతుతో రికార్డ్ చేసింది, లేకపోతే లోన్ల వాళ్ళ కాల్ అనుకుని కట్ చేస్తారు.

ఇంకోటి, లైవ్ లొకేషన్ లింకుని ఎవరికి పడితే వాళ్ళకి ఫార్వర్డ్ చేయొద్దు. 2025 నవంబర్‌లో వచ్చిన డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ రూల్స్‌లో (మన వివరాల్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే కేంద్రం రూల్స్) పిల్లల లొకేషన్ చూడ్డానికి స్కూల్ బస్సుల వాళ్ళకి వెసులుబాటు ఇచ్చారు, కానీ అది పిల్లల భద్రత కోసం, వాళ్ళు వచ్చే పోయే టైములో మాత్రమే.

స్కూళ్ళు తెరిచిన మొదటి వారంలోనే, ముందుగా చెప్పి, ఒకరోజు టెస్ట్ కాల్ పంపి చూడండి. ఎవరికి చేరలేదో లిస్టు రాసుకుని, వాళ్ళ నంబర్లు ఆ సాయంత్రమే స్టాపులో ఆయమ్మ చేత అడిగించి సరిచేయండి.