టమాటా బండిలో ఆవునెక్కిస్తే తప్పేనా? రోడ్డు మీద చెకింగంతా చిన్న రైతు మీదే ఎందుకు?

నమస్కారం అండీ, బెంగళూరు నుంచి మాట్లాడుతున్నా. ముందు అసలు మాట చెప్పేస్తాను, తిట్టేవాళ్లు తర్వాత తిట్టండి. కోలారు, చింతామణి, హిందూపురం, పలమనేరు, ఈ చుట్టుపక్కల ఒక ఆవునో నాలుగు గొర్రెలనో బండెక్కించి తీసుకెళ్లే చిన్న రైతుకి చట్టం అడిగే బండి దొరకదు. బాడుగకి కూడా దొరకదు. నేను ఇంతవరకు ఒక్కటి చూడలేదు. మీరెక్కడైనా చూసుంటే ఏ ఊళ్లో చూశారో కింద రాయండి, నేనే వెళ్లి చూసొస్తాను.

ఆ వీడియో మీరంతా చూసేశారు, నాకే ఎంతమంది పంపారో. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు. టాటా ఏస్‌లో ఒక సీమావు, దాని దూడ, పలుపు పట్టుకుని వెనకాల నిలబడిన ఒక పెద్దాయన. బెంగళూరొచ్చే రోడ్డు మీద బండి ఆపారు. ఫోన్ కెమెరా పెట్టి "డాక్టరు సర్టిఫికెట్ ఏదీ, పర్మిట్ ఏదీ" అని అడుగుతున్నారు. ఆయన "సంతలో కొన్నాను సామీ, పాలకే సామీ" అని అదే మాట మళ్లీ మళ్లీ చెప్తున్నాడు. కింద కామెంట్లలో సగం మంది ఆయన్ని స్మగ్లర్ అన్నారు. పొదుగు చూశారా మీరు? పొదుగు నిండి ఉంది! పాలిచ్చే ఆవుని, దూడతో సహా, పట్టపగలు ఎవడైనా కబేళాకి తోలుకెళ్తాడా?

సరే, చట్టం అసలు ఏం అడుగుతోందో చూద్దాం. ఈ ముక్క ఎవరూ చదవరు, అరవడం మాత్రం అందరూ అరుస్తారు.

1960 జంతు హింస నివారణ చట్టం ఉంది. దాని కింద 1978లో జంతువుల రవాణా నియమాలు వచ్చాయి. పశువు ప్రయాణానికి పనికొస్తుందని పశువుల డాక్టరు సర్టిఫికెట్ ఉండాలి. బండికి ఆరు పశువులకి మించకూడదు. తోడుగా ఒక మనిషి ఉండాలి. పక్కలకి మెత్తలు కట్టాలి. వీలైనంతవరకు పశువు మొహం ఇంజను వైపు ఉండాలి. ఈని 72 గంటలు దాటని ఆవుని, దారిలో ఈనేలా ఉన్న ఆవుని ఎక్కించకూడదు. ఇవన్నీ మంచి మాటలే, ఒక్కదానితో కూడా నాకు పేచీ లేదు. ఆవుని మేపిన ఎవరినడిగినా ఇదే చెప్తారు.

అసలు మెలిక 2015లో పడింది. కేంద్ర మోటారు వాహనాల నియమాలకి 125-ఇ అని ఒకటి కలిపారు, 2016 జనవరి 1 నుంచి అమలు. ఆవుకి, గేదెకి 2 చదరపు మీటర్ల జాగా, గొర్రెకి, మేకకి 0.3, పందికి 0.6. బండి లోపల కదలని అడ్డాలు కట్టి ఒక్కో పశువుని విడివిడిగా నిలబెట్టాలి. అలా మార్చిన బండికి ఆర్టీఓ ప్రత్యేక లైసెన్సు ఇవ్వాలి. ఇప్పుడు అసలైంది వినండి. పశువులని మోసే బండిలో ఇంకే సరుకూ వేయకూడదు!

అర్థమైందా అండీ? మన దగ్గర బండి అంటే ఏంటి? పొద్దున మదనపల్లెకో కోలారు మార్కెట్‌కో టమాటా బాక్సులు మోస్తుంది. మధ్యాహ్నం సిమెంటు బస్తాలు. సాయంత్రం ఎవరిదో ఆవు. ఆదివారం పెళ్లి సామాను. ఆ ఒక్క టాటా ఏస్ మీద ఒక కుటుంబం తింటుంది, ఊళ్లో పది ఇళ్లు ఆ బండి మీదే ఆధారపడి ఉంటాయి. అది పశువుల బండి అయితే టమాటా మోయకూడదు. టమాటా బండి అయితే ఆవుని మోయడానికి లైసెన్సు లేదు. ఉన్నది ఒక్క ఆవు, దాన్ని తోలేది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి. దానికోసం అడ్డాలు కట్టిన బండి ఎవడు పెట్టుకుంటాడు? పెద్ద వ్యాపారి పెట్టుకుంటాడు, వారానికి నాలుగు లోడ్లు తోలేవాడికి గిట్టుబాటవుతుంది. అంటే ఈ నియమం వ్యాపారికి సరిపోయింది, రైతుని రోడ్డు మీద దోషిని చేసింది. నేను చెప్పేది ఈ ఒక్క ముక్కే, ఈ వీడియో మొత్తం ఇదే చెప్తాను.

జాగా లెక్క కూడా వేద్దాం. టాటా ఏస్ వెనక బాడీ పొడవు ఏడడుగుల పైచిలుకు, వెడల్పు ఐదడుగుల లోపు. మూడు చదరపు మీటర్ల మీద కొంచెం వస్తుంది. అంటే ఒక్క ఆవు, ఆపైన ఇంకోటి పట్టదు. గొర్రెలైతే పది. మరి దూడ? దూడకి వేరే కొలత ఆ నియమంలో లేదు. ఆవుని ముందు పంపి దూడని వెనక తెమ్మంటారా? దూడ కనబడకపోతే ఆవు ఎలా అరుస్తుందో, పాలివ్వకుండా ఎలా బిగబట్టుకుంటుందో తెలిసినవాళ్లు రాసిన నియమమేనా ఇది?

ఇంకోటి, ఘాటి సుబ్రహ్మణ్య జాతరకి వెళ్లారా ఎప్పుడైనా? దొడ్డబళ్లాపురం దగ్గర, చలికాలంలో. హళ్ళికార్ అనే నాటు జాతి ఎద్దులని పూలతో, గజ్జెలతో అలంకరించి, పందిళ్లేసి మరీ నిలబెడతారు. జత లక్షల్లో పలుకుతుంది. నాకైతే బెంగళూరు చుట్టూ అంతకంటే అందమైన పండగ లేదు. మన అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కూడా రైతులొస్తారు. ఆ ఎద్దులు ఎలా వస్తాయనుకున్నారు? లారీల్లో, పికప్పుల్లో, ట్రాక్టరు ట్రాలీల్లో. వాటిల్లో ఎన్నింటికి 125-ఇ లైసెన్సు ఉంటుందంటారు? ఆ రోజు మాత్రం మంత్రులొచ్చి ఎద్దులతో ఫోటోలు దిగుతారు, బండి కాగితాల ఊసు ఎవరూ ఎత్తరు.

ఇప్పుడు శిక్ష సంగతి. జంతు హింస చట్టంలో మొదటి తప్పుకి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయల నుంచి యాభై రూపాయలు! 1960 నాటి అంకె, ఇప్పటికీ అదే. "యాభై రూపాయలేగా, కట్టేసి పోవచ్చుగా" అంటారు మీరు. అక్కడే పప్పులో కాలేస్తున్నారు. శిక్ష జరిమానాలో లేదు, ఆవుని తీసుకుపోవడంలో ఉంది. 2017లో కేస్ ప్రాపర్టీ నియమాలని వచ్చాయి, అంటే కేసులో పట్టుకున్న పశువులని ఏం చేయాలో చెప్పేవి. కేసు తేలేదాకా పశువుని గోశాలలో పెట్టొచ్చు, దాని మేత, వైద్యం ఖర్చు కూడా నిందితుడి మీద పడొచ్చు. పూటకి పది లీటర్లిచ్చే ఆవు అనుకోండి. రెండు పూటలు పిండకపోతే పొదుగు వాస్తుంది. నెల తర్వాత ఆవు తిరిగొచ్చినా ఆ ఈతకి పాలు పోయినట్టే. డైరీకి పోసే పాలు ఆగిపోతాయి, ఆవు మీద తీసిన అప్పు కంతు మాత్రం ఆగదు. నేరం రుజువు కాకముందే రైతు శిక్ష అనుభవించేస్తున్నాడు.

ఇది నా సొంత బాధ అనుకుంటున్నారేమో. 2021 జనవరిలో సుప్రీంకోర్టులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డే గారి బెంచి కేంద్రాన్ని గట్టిగానే అడిగింది. ఈ పశువులు వాళ్లకి జీవనాధారం కదా, నేరం రుజువైతేనే పశువుని లాక్కోవచ్చని 1960 నాటి అసలు చట్టంలోని 29వ సెక్షన్ చెప్తుంటే మీ 2017 నియమం దానికి ఎదురెలా వెళ్తుంది, మారుస్తారా మమ్మల్ని ఆపమంటారా అని. ఇంతకంటే ఏం చెప్పాలి!

దీనికి తోడు కర్ణాటకలో ఇంకో చట్టం ఉంది. 2020 గోవధ నిషేధ చట్టం, 2021 జనవరి నుంచి అమలు. ఇది యాభై రూపాయల వ్యవహారం కాదు. గోవధకి మూడు నుంచి ఏడేళ్ల జైలు, లేదా పశువుకి యాభై వేల నుంచి ఐదు లక్షల జరిమానా, లేదా రెండూ. వ్యవసాయానికో పశుపోషణకో నిజంగా తీసుకెళ్తే నేరం కాదని ఆ చట్టమే అంటోంది. బాగుంది. "నిజంగా" అని ఎవరు తేల్చాలి? రాత్రి ఏడింటికి, రోడ్డు పక్కన, టార్చిలైటు వెలుగులో? అయినా ఆ చట్టంలో తనిఖీ చేసి జప్తు చేసే అధికారం సబ్ ఇన్‌స్పెక్టరు, ఆపై పోలీసులకి, ప్రభుత్వం నియమించిన అధికారులకి మాత్రమే. మెడలో కండువా వేసుకుని బైకుల మీదొచ్చిన కుర్రాళ్లకి లేదు. లేదు అంటే లేదు! 2023 ఏప్రిల్ మొదట్లో ఇక్కడే, సాతనూరు దగ్గర, పశువుల బండిని కొందరు ఆపిన తర్వాత అందులో ఉన్న ఒక మనిషి శవమై దొరికాడు. బెంగళూరుకి ఎంత దూరమండీ సాతనూరు? మూక దాడుల మీద 2018 జులైలోనే సుప్రీంకోర్టు చెప్పింది, ప్రతి జిల్లాకి ఎస్పీ స్థాయి నోడల్ అధికారి, అంటే ఈ దాడులని ఆపే బాధ్యత చూసే అధికారి, ఉండాలని. మీ జిల్లా నోడల్ అధికారి ఎవరో మీకు తెలుసా? బండి తోలే డ్రైవరుకి తెలుసా?

ఇప్పుడు నా థియరీ. ఇది నా అభిప్రాయమే, ఒప్పుకోకపోతే వాదించండి. చెకింగులో చిన్న బండే ఎందుకు దొరుకుతుంది? ఎందుకంటే అది ఆగుతుంది. ఇరవై ముప్పై పశువులని కాళ్లు కట్టేసి కుక్కిన కంటైనరు అర్ధరాత్రి వెళ్తుంది, చెయ్యెత్తితే ఆగదు. దాన్ని పట్టుకోవాలంటే ముందే సమాచారం కావాలి, బలగం కావాలి. టాటా ఏస్ పెద్దాయన మాత్రం చెయ్యెత్తగానే పక్కకి తీసి, దిగి, దండం పెడతాడు. కేసుల లెక్కకి ఇదీ ఒకటే, అదీ ఒకటే. ఆ కంటైనర్లు నడిపేవాళ్ల మీద నాకు రవ్వంత జాలి లేదు. పశువుని అలా కుక్కినవాడికి యాభై రూపాయల జరిమానా ఏంటసలు, దాన్ని వెయ్యి రెట్లు పెంచండి, నేనే చప్పట్లు కొడతాను. కానీ వాడికి వేయాల్సిన వలలో ఈయన్ని పడేయకండి.

"మరి విదేశాల్లో రూల్సు ఇంకా కఠినం కదా" అని ఎవరో ఒకరు రాస్తారు, నాకు తెలుసు. చూద్దాం పదండి. బ్రిటన్‌లో రైతు తన పశువులని తన సొంత ట్రైలర్‌లో, తన పొలం నుంచి 50 కిలోమీటర్ల లోపు తీసుకెళ్తే రవాణా చట్టంలో దాదాపు అన్నీ మినహాయింపే. పశువుని బాధ పెట్టకూడదన్న మౌలికమైన షరతులు మాత్రం ఉంటాయి. 65 కిలోమీటర్లు దాటి వ్యాపారానికి తోలితే అప్పుడు అనుమతి పత్రం, పశువులని తోలడం వచ్చని సర్టిఫికెట్ అడుగుతారు. ఎనిమిది గంటలు దాటితే ఇంకా గట్టి అనుమతి, బండికి కూడా తనిఖీ. చెవి ట్యాగు, పశువు ఎక్కణ్ణించి ఎక్కడికి వెళ్లిందన్న రికార్డు అక్కడా ఉంటాయి. అంటే దూరం పెరిగేకొద్దీ కాగితం పెరుగుతుంది. మన దగ్గర బ్రిటన్ పేరు చెప్పి కఠినం కఠినం అంటారు, ఈ 50 కిలోమీటర్ల ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. 50 కిలోమీటర్లంటే బెంగళూరు మధ్యలోని మెజెస్టిక్ నుంచి దొడ్డబళ్లాపురం దాటినంత దూరం! మన సంతల్లో కొనే చిన్న రైతుల ప్రయాణాలు ఎక్కువగా అంతలోపే కదా.

మనకీ పనిముట్టు ఉంది, వాడుకునే బుద్ధే లేదు. ఆవు చెవికి పసుపు పచ్చ ట్యాగు, పన్నెండు అంకెల నంబరు, గాలికుంటు టీకా వేసినప్పుడు వేస్తారు. ఆ నంబరు మీద యజమాని పేరు, టీకాలు అన్నీ ఎక్కుతాయి. సంతలో కొన్నప్పుడే ఆ నంబరు మీద కొత్త యజమాని పేరు మార్చి, ఫోన్‌కి ఒక మెసేజ్ పంపితే చాలు. యాభై కిలోమీటర్ల లోపు, రెండు పశువుల లోపు, ఆ మెసేజే పర్మిట్. సంత తెల్లారకముందే మొదలవుతుంది, పశువుల ఆసుపత్రి తొమ్మిదింటికి తెరుస్తారు. సర్టిఫికెట్ కోసం ఆవుని ఎండలో నాలుగు గంటలు నిలబెట్టడం హింస కాదా? సంత రోజున డాక్టర్ని సంతలోనే కూర్చోబెట్టండి, ఏం పోయింది?

అదయ్యేదాకా, రైతన్నలూ, ఇది మీకోసం. సంతలో రసీదు ఇవ్వకుండా ఎవరైనా "నమ్మకం అన్నా" అంటే ఆ ఆవుని కొనకండి. చెవి ట్యాగు నంబరు కనబడేలా ఫోటో తీసుకోండి. అమ్మినాయన ఆధార్ కాపీ, ఫోన్ నంబరు తీసుకోండి. డాక్టరు సర్టిఫికెట్ ముందు రోజే మాట్లాడి పెట్టుకోండి. రాష్ట్రం దాటేటప్పుడు, ముఖ్యంగా పలమనేరు నుంచి ముళబాగిలు వైపు వచ్చేవాళ్లు, పగలే రండి. యూనిఫాం లేనివాడు బండి ఆపితే తాళం ఇవ్వకండి, 112కి ఫోన్ చేయండి.

పశుసంవర్ధక శాఖకి నేనొక అర్జీ రాస్తున్నాను, 50 కిలోమీటర్ల మినహాయింపు, సంతలో డాక్టరు, ఈ రెండే అడుగుతున్నాను. మీ ఊరి సంత పేరు, అది ఏ వారం జరుగుతుందో, అక్కడ సర్టిఫికెట్ ఇచ్చే డాక్టరు ఉన్నాడో లేడో కింద రాయండి. ఆ వివరాలన్నీ అర్జీకి జత చేస్తాను, శాఖ ఏం జవాబిచ్చినా ఇక్కడే చదివి వినిపిస్తాను.