వాట్సాప్‌లో "సరే" అంటే ఒప్పందం కుదిరినట్టేనా?

(తెర మీద వాట్సాప్ చాట్: "అక్కా, ఈ చీర ఉందా?" / "ఉందమ్మా, 2,450." / "సరే, నాకు పెట్టేయండి.")

నమస్తే అండి. ఈ మూడు లైన్లు చూడండి. ఇక్కడ ఒప్పందం కుదిరిందా, లేదా? వీడియో ఆపి ఒక్క నిమిషం ఆలోచించండి. జవాబు నేను మెల్లగా చెప్తాను.

బెంగళూరులో ఇంటి నుంచే చీరలు, పచ్చళ్లు, పిండివంటలు అమ్ముతున్న తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లతో ఎప్పుడు మాట్లాడినా ఒకటే మాట వింటాను: "సంతకం లేదు, కాగితం లేదు, వాట్సాప్‌లో అన్న మాటకు చట్టం ఏముంటుందండీ?" కొనేవాళ్లు ఇంకో వైపు నుంచి వస్తారు: "రేటు పెట్టాక ఆ రేటుకు ఇచ్చి తీరాల్సిందే, లేకపోతే కన్స్యూమర్ కోర్టుకు వెళ్తా." రెండూ తప్పే. వీటివల్ల అనవసరంగా టెన్షన్ పడేవాళ్లూ, డబ్బు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఈ రెంటి సంగతీ ఇవాళ తేల్చేద్దాం.

ఒక చీరల వదినను ఊహించుకోండి. మారతహళ్లిలో అపార్ట్‌మెంట్. మంగళగిరి నుంచి తెప్పిస్తుంది, కొన్ని చిక్‌పేటలో హోల్‌సేల్‌గా తెస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ పేజీ, రెండు వాట్సాప్ గ్రూపులు. పైన చూసిన చాట్ ఆవిడదే. ఈ వీడియో అంతా ఆవిడ వెంటే నడుద్దాం.

మన కాంట్రాక్ట్ చట్టం 1872లో వచ్చింది. ప్రతి ఒప్పందమూ కాగితం మీదే ఉండాలని అది అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పదు. ఇల్లు, స్థలం లాంటివాటి అమ్మకానికి రిజిస్ట్రేషన్ కావాలి, అది వేరే సంగతి. చీరకు అక్కర్లేదు. ఒకరు ప్రతిపాదించాలి, రెండోవాళ్లు మార్పులేమీ చేయకుండా ఒప్పుకోవాలి, ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి, ఇద్దరూ మేజర్లై ఉండాలి, ఎవరూ ఎవర్నీ మోసగించకూడదు, బెదిరించకూడదు, చేసే పని చట్టం ఒప్పుకునేదై ఉండాలి. మరి ఫోన్‌లో, మెయిల్‌లో జరిగితే? ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లకుండా పోదని ఐటీ చట్టంలో 10ఏ సెక్షన్ పెట్టారు. 2010లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం అనే రెండు కంపెనీల మధ్య బాక్సైట్ (అల్యూమినియం ఖనిజం) సరఫరా గొడవ సుప్రీంకోర్టుకు వెళ్తే, సంతకాలు పెట్టిన పత్రం లేకపోయినా ఈమెయిళ్లలో కుదిరిన ఒప్పందం చెల్లుతుందని కోర్టు చెప్పింది. ఓడల్లో వచ్చే బాక్సైట్‌కే అలా ఉంటే, కొరియర్‌లో వెళ్లే చీరకు వేరే రూలేం ఉండదు.

సంతకం సంగతి అయిపోయింది. ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన భాగం.

(తెర మీద మళ్లీ చాట్. రెండో లైన్ చుట్టూ గీత: "ఉందమ్మా, 2,450.")

వదిన ధర చెప్పింది. అంటే అమ్ముతానని మాట ఇచ్చేసినట్టా? చాలామంది ఇక్కడే పొరబడతారు. ఇలాంటిదే ఒక కేసు మన పక్కనే, కొడగులో జరిగింది. మడికేరిలో ఒక బంగళా. కొనాలనుకున్నాయన ధర అడిగాడు. యజమాని దగ్గర్నుంచి "పది వేలకు తక్కువైతే ఒప్పుకోను" అని కబురు వచ్చింది. ఆయన వెంటనే పది వేలకు సిద్ధమన్నాడు. యజమానేమో ఇంకొకరికి అంతకంటే ఎక్కువకు అమ్మేశాడు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1951లో తీర్పు: "ఇంతకు తక్కువైతే ఇవ్వను" అనడం ప్రతిపాదన కాదు, "రండి, ఎంతిస్తారో చెప్పండి" అని పిలవడం మాత్రమే. పది వేలు ఇస్తానన్న మాటే అసలు ప్రతిపాదన, దాన్ని యజమాని ఒప్పుకోలేదు, కాబట్టి ఒప్పందమే పుట్టలేదు.

ఇప్పుడు వదిన దగ్గరికి రండి. "ఉందమ్మా, 2,450" అని ధర చెప్పింది, అంతే. "సరే, నాకు పెట్టేయండి" అన్న కొనే అమ్మాయిదే ప్రతిపాదన. కాబట్టి మొదట అడిగినదానికి జవాబు: ఆ మూడు లైన్ల దగ్గర ఆపితే, మామూలుగా ఒప్పందం ఇంకా కుదరలేదు. నాలుగో లైన్ కావాలి. "సరేనమ్మా, జీపే చేసెయ్, రేపు కొరియర్ చేస్తా" అని వదిన పంపిన క్షణంలో కుదిరింది. మామూలుగా అని ఎందుకన్నానంటే, కోర్టు చాట్ మొత్తం చదువుతుంది. అంతకుముందే వదిన "2,450 పంపిన మొదటివాళ్లకు ఇది ఇచ్చేస్తా" అని ఉంటే కథ మారిపోతుంది. అప్పుడు ప్రతిపాదన ఆవిడదే.

థంబ్స్ అప్ బొమ్మ పెడితే? కెనడాలో అవిసె గింజలు పండించే రైతుకు కొనుగోలు సంస్థ ఒప్పంద పత్రం ఫోటో పంపి ఖాయం చేయమంది. ఆయన బొటనవేలు బొమ్మ పెట్టాడు, తర్వాత గింజలు ఇవ్వలేదు. అది అంగీకారమేనని 2023లో కోర్టు తేల్చి సుమారు 82,000 డాలర్లు కట్టమంది. అప్పీల్‌లోనూ అదే నిలబడింది. ఆ ఇద్దరూ అంతకుముందు కూడా అలా చిన్న చిన్న మెసేజ్‌లతోనే బేరాలు ఖాయం చేసుకునేవాళ్లు, కోర్టు అది గమనించింది. అది మన కోర్టులు పాటించి తీరాల్సిన తీర్పు కాదు. కానీ "బొమ్మే కదా" అని తీసిపారేయకండి.

ఇంకోటి, "హోల్డ్". "అక్కా, సాయంత్రం దాకా హోల్డ్ పెట్టండి, మా ఆయన్ని అడిగి చెప్తా." వదిన సరే అంది. మధ్యాహ్నం ఇంకొకరు డబ్బు పంపేశారు, చీర వెళ్లిపోయింది. సాయంత్రం ఈ అమ్మాయి గొడవ. ఊరికే సరే అన్నంత మాత్రాన వదిన సాయంత్రం దాకా ఆగి తీరాలని చట్టం చెప్పదు, ఎందుకంటే అంగీకారం వచ్చేలోపు ప్రతిపాదన వెనక్కి తీసుకోవచ్చు, కాకపోతే ఆ సంగతి ఎదుటివాళ్లకు చెప్పాలి. కానీ "హోల్డ్‌కు 200 పంపండి" అని తీసుకుని ఉంటే, ఆ 200కు బదులుగా ఇచ్చిన మాట అది. అప్పుడు నిలబెట్టుకోవాల్సిందే. అందుకే చీర వెళ్లిపోయిందని వెంటనే ఒక మెసేజ్ పెట్టడం అవసరం, మర్యాద కూడా.

అందరూ కొట్టుకునే విషయానికి వచ్చాం. రాత్రి నిద్రమత్తులో వదిన 2,450 బదులు 245 అని పెట్టింది. పొద్దున్నకు అరవై ఆర్డర్లు.

పెట్టిన ధర పిలుపు మాత్రమే అని చూశాం కాబట్టి, వదిన ఇంకా ఎవరికీ "సరే" అనకపోతే ఆర్డర్లు వద్దనవచ్చు, డబ్బు వెనక్కి పంపేయవచ్చు. చిక్కు ఎక్కడంటే, ఆవిడ వాట్సాప్ బిజినెస్‌లో ఆటోమేటిక్ మెసేజ్ పెట్టుకుంది: "మీ ఆర్డర్ కన్ఫర్మ్ అయింది, థాంక్యూ!" "నేను కాదు, ఫోన్ పంపింది" అంటే కుదరదు. మనం పెట్టుకున్న ఆటోమేటిక్ సిస్టమ్ పంపింది మనం పంపినట్టే అని ఐటీ చట్టం 11వ సెక్షన్ చెప్తుంది. ఇక కాంట్రాక్ట్ చట్టం 22వ సెక్షన్: ఒకవైపు వాళ్లు పొరబడ్డారన్న ఒక్క కారణంతో ఒప్పందం రద్దు చేసుకోలేరు. చాలా కఠినమైన సెక్షన్.

అయితే కొనేవాళ్లకు అది పొరపాటని తెలిసే కొని ఉంటే? సింగపూర్‌లో 2003 జనవరిలో ఇదే జరిగింది. 3,854 డాలర్ల లేజర్ ప్రింటర్ ఒక సైట్‌లో 66 డాలర్లకు కనిపించింది. అర్ధరాత్రి దాటాక స్నేహితులు ఒకరికొకరు కబురు చేసుకుని, ఆరుగురు కలిసి 1,606 ప్రింటర్లు ఆర్డర్ పెట్టారు. ఆటోమేటిక్ కన్ఫర్మేషన్ మెయిళ్లు కూడా వచ్చాయి. ఇంట్లో వాడుకోవడానికి ఎవరైనా అన్ని ప్రింటర్లు కొంటారా? పొరపాటని తెలిసే ఎగబడ్డారని కోర్టు నిర్ధారించి ఆ ఒప్పందాలు చెల్లవంది. పై కోర్టు కూడా 2005లో అదే మాట చెప్పింది. ఇదీ మనకు పరాయి తీర్పే, కానీ అందులోని న్యాయం నాకు పూర్తిగా నచ్చుతుంది. ఎదుటివాళ్ల వేలు జారితే దాన్ని పట్టుకుని లాభం చేసుకోవడం కొనుగోలుదారు హక్కు కాదు.

వదిన చేయాల్సిన పని చిన్నది. ఆ ఆటోమేటిక్ మెసేజ్ మార్చాలి.

(తెర మీద: "మీ ఆర్డర్ అందింది. స్టాక్, ధర చూసుకుని కన్ఫర్మ్ చేస్తాం.")

ఈ రెండు వాక్యాలు వదిన మీద "సరే" భారం పడకుండా ఆపుతాయి. ఇవాళే మార్చుకోండి.

ఇక అమ్మేవాళ్లు పెట్టే షరతుల దగ్గర నేను వదిన పక్షం వదిలేస్తాను. "నో రిటర్న్, నో ఎక్స్‌ఛేంజ్. ఓపెనింగ్ వీడియో లేకపోతే మాకు సంబంధం లేదు." ప్రతి పేజీలోనూ ఇదే. చిరిగిన చీర, మరక పడ్డ చీర వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అన్యాయమైన వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపు, రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోవాలి. పేజీలో ఏం రాసుకున్నా ఆ హక్కు పోదు. ఓపెనింగ్ వీడియో మంచి సాక్ష్యం, కాదనను. వీడియో లేదంటే ఒక సాక్ష్యం తగ్గిందంతే, హక్కు పోయినట్టు కాదు. "రంగు నచ్చలేదు" అంటే మాత్రం వేరు, అక్కడ వదిన పెట్టుకున్న పాలసీ నడుస్తుంది. ఫోటోలో నెమలిపింఛం రంగు చూపించి ఆకుపచ్చ చీర పంపితే అది నచ్చకపోవడం కిందకు రాదు, చూపించినది ఇవ్వకపోవడం.

కొనుక్కున్న అమ్మాయి విజయవాడలో ఉంటే, ఫిర్యాదు కోసం బెంగళూరు రానక్కర్లేదు. తను ఉండే చోటే వినియోగదారుల కమిషన్‌లో వేయొచ్చు. 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, చాలా గొడవలు అక్కడే తీరొచ్చు.

టైమ్ అయిపోతోంది, ఫోటోల సంగతి చెప్పకుండా వదిలే ప్రసక్తే లేదు. వదిన చెల్లెలికి చీర కట్టించి బాల్కనీలో ఫోటో తీసింది. వారంలో ఇంకో పేజీలో అదే ఫోటో, మూలన ఉన్న పేరు కత్తిరించి, కింద "క్రెడిట్స్ టు ఓనర్". క్రెడిట్ ఇస్తే అనుమతి తీసుకున్నట్టు కాదు! ఫోటో తీసినవాళ్లకు తీసిన క్షణం నుంచే కాపీరైట్ ఉంటుంది, రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. డబ్బిచ్చి ఫోటోగ్రాఫర్‌తో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కు తీయించుకున్నవాళ్లది. చీర కొన్నంత మాత్రాన ఆ చీర ఫోటో మీద హక్కు రాదు, అది వదినకూ వర్తిస్తుంది. చిక్‌పేట హోల్‌సేలర్ ఫోటోలు పెట్టాలంటే "మీ గ్రూపులో పెట్టుకోండి" అన్న మెసేజ్ తీసుకుని దాచుకోండి.

పేరు. బాగా నడుస్తున్న పేజీ పేరుకు ఒక అక్షరం కలిపి ఇంకొకరు పేజీ తెరిస్తే? చెన్నైకి చెందిన ఇంటర్నెట్ కంపెనీ సిఫీ పేరును పోలిన వెబ్‌సైట్ పేర్లు ఇంకో కంపెనీ పెట్టుకుంటే, బెంగళూరు సివిల్ కోర్టులో మొదలైన కేసులో 2004లో సుప్రీంకోర్టు తేల్చింది: వెబ్‌సైట్ పేరు కూడా ట్రేడ్‌మార్క్ లాగే రక్షణ పొందుతుంది. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయకపోయినా, మీ పేరు మీద జనంలో గుర్తింపు ఉందని చూపించగలిగితే దారి ఉంది. రిజిస్టర్ చేసుకుంటే దారి చాలా సులువు, చేసుకోండి.

ఒక్క మాట గట్టిగా చెప్తాను. మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ పేర్లకు జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు ఆ ప్రాంతంలో తయారైన సరుకుకే చెందుతుంది. అసలైన మంగళగిరి చీర తెచ్చి ఆ పేరుతో అమ్మడం తప్పు కాదు. ఎక్కడో పవర్‌లూమ్ మీద నేసినదాన్ని "మంగళగిరి" అని అమ్మితే నేరం, జైలు శిక్ష దాకా వెళ్తుంది. మగ్గం మీద కూర్చునే మనిషి పేరును వాడుకుని ఆ మనిషి కూలి మిగుల్చుకోవడం అది. ఇందులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

కాలేజీ పిల్ల పదిహేడేళ్లకే ఆర్డర్ పెడితే? మైనర్‌తో ఒప్పందం చెల్లదని 1903లోనే ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మన కేసులకు ఆఖరి అప్పీల్ కోర్టు) చెప్పింది. పెద్ద ఆర్డర్ అయితే పెద్దవాళ్లతో మాట్లాడి పంపండి.

చివరగా, ఫోటో దొంగతనం మీద ఇన్‌స్టాగ్రామ్‌కు ఫిర్యాదు ఎలా పెట్టాలి. మూడు దగ్గర పెట్టుకోండి: వాళ్ల పోస్ట్ లింక్, మీ ఒరిజినల్ ఫైల్ (వాట్సాప్‌లో వచ్చినది కాదు, కెమెరాలో ఉన్నది), మీరు ముందుగా పోస్ట్ చేసిన తేదీ కనిపించే స్క్రీన్‌షాట్. యాప్‌లోనే కాపీరైట్ రిపోర్ట్ ఫారం ఉంటుంది. ముందు స్క్రీన్‌షాట్‌లు తీసి, ఆ తర్వాతే అవతలివాళ్లకు మెసేజ్ పెట్టండి. మెసేజ్ చూడగానే పోస్ట్ తీసేస్తే మీ చేతిలో రుజువు మిగలదు.