బాయిలర్‌లో పడిపోయిన ప్రెషర్‌ను నింపే మూడు పద్ధతులు: లీడ్స్‌లో వాడి చూశాక విజయనగరం నుంచి రివ్యూ

నమస్కారం. విజయనగరంలోని మా ఇంటి డాబా మీద నుంచి మాట్లాడుతున్నాను. నా వెనుక కనిపిస్తున్న నల్లటి ట్యాంకుతో ఈ వీడియోలో కాస్త పని ఉంది, దానిని గుర్తుంచుకోండి. ఎప్పుడూ మోటార్లు, గీజర్లు, ప్రెషర్ పంపుల గురించి చెప్పే నేను ఈసారి మన ఊళ్లో ఎవరి ఇంట్లోనూ అవసరం పడని వస్తువును పరిశీలిస్తున్నాను. గత శీతాకాలంలో మూడు నెలలపాటు మా అమ్మాయి, అల్లుడుగారి దగ్గర ఇంగ్లండ్‌లోని లీడ్స్ నగరంలో ఉన్నాము. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుంచి పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకూ, అక్కడ అద్దె ఇళ్లలో ఉండి చదువుకునే విద్యార్థులకూ ఏదో ఒక చలి ఉదయాన ఈ చిక్కు ఎదురవుతుంది. గదుల్లో వేడినీటితో ఇంటిని వెచ్చబరిచే రేడియేటర్లు చల్లగా ఉంటాయి, కుళాయిలో వేడినీళ్లు రావు, వంటగది గోడకు బిగించిన బాయిలర్ ప్రెషర్ గేజిలో ముల్లు సున్నా దగ్గర పడి ఉంటుంది.

బాయిలర్ అనగానే మనకు చక్కెర ఫ్యాక్టరీయో, జూట్ మిల్లో గుర్తుకు వస్తుంది కానీ ఈ ఇంటి బాయిలర్‌లో ఆవిరి ఉండదు, పేరుకు బాయిలర్ అయినా ఇది నీటిని మరిగించదు. గ్యాస్ మంటతో నీటిని సుమారు 60 నుంచి 70 డిగ్రీల వరకు వేడిచేసి, చిన్న పంపు సాయంతో గదుల్లోని రేడియేటర్లకు పంపి, చల్లారి తిరిగి వచ్చిన ఆ నీటినే మళ్లీ వేడి చేస్తుంది. మొదటి రోజు మా ఆవిడ ఒక మంచి ప్రశ్న వేసింది: "కుళాయిలో చన్నీళ్లు అంత ధారగా వస్తుంటే ఈ డబ్బా ప్రెషర్ లేదంటుందేమిటండీ?" కుళాయికి వచ్చేది వీధి పైపు నీరు, రేడియేటర్లలో తిరిగేది మూత వేసిన గొట్టాలలోని వేరే నీరు. పడిపోయింది ఆ రెండవ నీటి ప్రెషర్. అది మరీ తగ్గితే బాయిలర్ తనను తాను కాపాడుకోవడానికి మంటను ఆపివేస్తుంది, దానితో స్నానానికి వేడినీళ్లు కూడా ఆగిపోతాయి.

ఇప్పుడు మన ట్యాంకు దగ్గరికి వద్దాం. నీటి మట్టం 10 మీటర్ల ఎత్తులో ఉంటే కింద దాదాపు 1 బార్ (బార్ అంటే ప్రెషర్‌ను కొలిచే ప్రమాణం) ప్రెషర్ వస్తుంది. మా ట్యాంకు కింది కుళాయికి 4 మీటర్ల పైన ఉంది, అంటే మాకు దక్కేది 0.4 బార్ మాత్రమే. అక్కడి బాయిలర్ చల్లగా ఉన్నప్పుడే 1 నుంచి 1.5 బార్ చూపించాలి. వేడెక్కితే నీరు వ్యాకోచించి ముల్లు మరికొంత పైకి వెళుతుంది, 3 బార్ చేరితే రక్షణ వాల్వు తెరుచుకొని నీటిని ఇంటి బయటకు వదిలేస్తుంది.

ప్రెషర్ నింపడానికి నేను చూసిన మొదటి పద్ధతి మా అమ్మాయి ఇంట్లోది. బాయిలర్ అడుగున, మన వాష్ బేసిన్ కింద బిగించే కనెక్షన్ పైపు లాంటి వెండి రంగు జాలీ గొట్టం, దానికి రెండు కొసలా రెండు చిన్న వాల్వులు. బాయిలర్‌ను ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, గొట్టం రెండు వైపులా గట్టిగా బిగిసి ఉందో లేదో చూసుకొని, మొదట ఒక వాల్వును తెరిచి, రెండవదానిని మాత్రం గేజి మీద నుంచి కన్ను తీయకుండా కొద్దికొద్దిగా తిప్పాలి. నీళ్లు ఎక్కుతున్న సన్నని చప్పుడు వినిపిస్తుంది. ముల్లు 1.2 దాటగానే రెండింటినీ మూసి, బాయిలర్‌ను తిరిగి వెలిగించాలి. నేను మొదటిసారి ధైర్యంగా ఒక్క విసురుతో తిప్పాను, ముల్లు 2.4 దాకా ఎగిరింది. తరువాత రేడియేటర్ పక్కనున్న చిన్న బిరడా వదులుచేసి, గిన్నె పట్టి నీటిని తీయవలసి వచ్చింది.

పని అయ్యాక ఈ గొట్టాన్ని విప్పి, కొసలకు మూతలు బిగించాలి. రేడియేటర్ల నీటిలో తుప్పు పట్టకుండా మందు కలిపి ఉంటుంది, నల్లటి మడ్డి కూడా ఉంటుంది. అది వెనక్కి తన్ని తాగే నీటిలో కలవకూడదు. వెనక్కి రాకుండా ఆపే వాల్వు ఉన్నప్పటికీ గొట్టాన్ని అలాగే వదిలేయకూడదు. పైగా వాల్వు సన్నగా కారితే ప్రెషర్ తెలియకుండానే పెరిగిపోతుంది.

రెండవది తాళంచెవి పద్ధతి. దీనిని రాజాం నుంచి వెళ్లి అక్కడే ఉంటున్న వారి ఇంట్లో చూశాను. ప్లాస్టిక్ తాళంచెవిని బాయిలర్ అడుగున దూర్చి, తిప్పి, పక్కనున్న నట్టును వదులు చేయాలి. పనితీరుకు వంక లేదు గానీ ఆ తాళంచెవి ఎక్కడుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, వెతకడానికే అరగంట పట్టింది. మూడవది ఆమదాలవలస కుర్రాళ్లు నలుగురు అద్దెకు ఉంటున్న ఇంట్లోది: మీటను కిందికి లాగి పట్టుకున్నంతసేపే నీళ్లు ఎక్కుతాయి, వదిలితే ఆగిపోతాయి. పానా అవసరం లేదు, మరచిపోవడానికి ఏమీ లేదు. నా మార్కులన్నీ దీనికే.

అయితే నింపడం చేతనైనంత మాత్రాన మరమ్మతు జరిగినట్టు కాదు. రేడియేటర్ల నుంచి గాలి తీసిన తరువాత ఒకసారి తగ్గడం, ఏడాదికి ఒకటి రెండు సార్లు నింపుకోవడం మామూలే. మా అమ్మాయి ఇంట్లో నాలుగు రోజులకొకసారి నింపవలసి వచ్చేది. నింపిన ప్రతిసారీ కొత్త నీటితో పాటు ఆక్సిజన్ లోపలికి వెళ్లి ఇనుమును తినివేస్తుంది, కలిపిన మందు పలచబడుతుంది. రేడియేటర్ వాల్వుల కింద కాగితం రుమాళ్లు పెట్టి చూశాను, ఒక్కటీ తడవలేదు. అప్పుడు గేజిని గమనిస్తే వేడిగా ఉన్నప్పుడు 3 దగ్గరికి వెళ్లి, చల్లారాక సున్నాకు వస్తోంది. రక్షణ వాల్వు నుంచి గోడ బయటకు వచ్చిన రాగి గొట్టానికి రాత్రి పాలిథిన్ సంచి కట్టాను, తెల్లవారేసరికి గ్లాసెడు నీళ్లు చేరాయి.

దోషం వ్యాకోచపు డబ్బాది. వ్యవస్థలో 100 లీటర్ల నీరు ఉంటే, చల్లటి స్థితి నుంచి 80 డిగ్రీలకు చేరేసరికి అది దాదాపు 3 లీటర్లు పెరుగుతుంది. ఆ పెరిగిన నీటికి చోటిచ్చేది ఒక ఇనుప డబ్బా, అందులో రబ్బరు పొర, పొరకు అవతల గాలి. గాలి పోతే నీటికి చోటు లేక రక్షణ వాల్వు తెరుచుకుంటుంది. డబ్బాకు సైకిల్ ట్యూబు మౌత్ లాంటి వాల్వే ఉంటుంది కనుక గాలి కొట్టాలని నా చేతులు ఊరుకోలేదు గానీ, అల్లుడుగారు ఆపారు, ఆపడమే సరైనది. గ్యాస్ బాయిలర్ లోపలి పనిని బ్రిటన్‌లో గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో, అంటే గ్యాస్ పని చేసే అర్హత ఉన్నవారి అధికారిక జాబితాలో, నమోదైన వారే చేయాలి. వచ్చిన మెకానిక్ గాలి నింపి, మడ్డి పట్టి సరిగా మూసుకోని రక్షణ వాల్వును కూడా మార్చారు. ఆ తరువాత మేము బయలుదేరే వరకు ముప్పై రెండు రోజులు ముల్లు 1.3 నుంచి కదలలేదు.

అద్దె ఇంట్లో ఉండే పిల్లలకు ఒక మాట. గ్యాస్ పరికరాలను 12 నెలలకొకసారి తనిఖీ చేయించవలసిన బాధ్యత ఇంటి యజమానిదే, కాబట్టి తరచూ ప్రెషర్ పడిపోతుంటే గేజిని వేడిగా ఉన్నప్పుడొకటి, చల్లారాక ఒకటి ఫోటో తీసి తేదీలతో సహా వారికి పంపండి. వచ్చే మెకానిక్‌కు సగం పని ఆ రెండు ఫోటోలతోనే అయిపోతుంది.